పాలగాజు బల్బు, నేరేడు రంగు చీర

నా చిన్నప్పుడు మా ఇంటికి కరెంటు వచ్చింది అంటే మా మనవరాళ్లు నవ్వుతారు. ఇంటికి చుట్టాలు వస్తారు గానీ కరెంటు రావడమేమిటవ్వా అంటారు. వచ్చిందమ్మా, చుట్టంలాగే వచ్చింది. ముందు వీధి మొదట్లో స్తంభం పాతారు. తర్వాత తీగ లాగారు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని ఎన్నాళ్లో ఊరించి, చివరికి ఒక సాయంత్రం మా మగ్గాల ఇంట్లో ఒకే ఒక్క బల్బుగా వచ్చి కూర్చుంది. ఆ ఒక్క బల్బు కింద మా అమ్మ ఎంతటి మనిషో నాకు తెలిసింది. అమ్మ గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. గొప్పలు గిట్టనివాళ్లు ఇక్కడే లేచి పోవచ్చు.

మాది ధర్మవరం. పట్టు నేసే ఇల్లు. రెండు గుంత మగ్గాలు ఉండేవి మాకు. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేసేవన్నమాట. వీధి వాకిలి పక్కన ఉన్నది మా నాయనది, లోపలి మూలన ఉన్నది తాతది. తాతకు మోకాళ్లు పట్టుకుపోయి గుంతలో దిగడం మానేశాక ఆయన మగ్గం ఊరికే ఉండేది. ఇంట్లో ఇంకా అమ్మ, నాయన చెల్లెలు చిన్నత్త, నేను. నేత మగవాళ్ల పని అని పేరు. రాట్నం ముందు కూర్చుని పట్టును కండెలకు చుట్టడం, తెగిన పోగులు అతకడం, నిలువు పోగుల పడుగు సర్దడం ఆడవాళ్ల పని. ఆ పనికి పేరేమీ లేదు.

తాత బతుకంతా పట్టు నేశాడు. నాయన ఊహ తెలిసినప్పటి నుంచీ పట్టే నేశాడు. అయినా మా ఇంటి ఆడవాళ్ల పెట్టెలో వెతికినా ఒక పట్టుచీర దొరకదు. పట్టు సాహుకారి ఇచ్చేవాడు, నేసిన చీర సాహుకారే పట్టుకుపోయేవాడు. మా అమ్మ పెళ్లి కూడా నూలుచీరతోనే జరిగిందట. వీధిలో అందరి కథా అదే కాబట్టి ఎవరూ దాన్ని బాధ అనుకునేవాళ్లు కాదు. అనుకున్నా బయటికి చెప్పేవాళ్లు కాదు.

అలాంటిది చిన్నత్తకు కళ్యాణదుర్గం సంబంధం కుదిరినప్పుడు, తాంబూలాల రోజున, నాయన నిండు సభలో నోరు జారాడు. "నా చెల్లెలు పట్టుచీరతోనే పీటల మింద కూర్చుంటాది. యాడా కొనను. నేనే నేస్తా" అనేశాడు. మాట బయట పడింది, ఇంక మింగడానికి లేదు. పైగా పెళ్లికొడుకు వాళ్లది బట్టల అంగడి. కొంగు వేళ్ల మధ్య నలిపి మంచీ చెడ్డా చెప్పేసే రకం. చీర వేళకు రాకపోతే మాట పోతుంది, వచ్చినా బాగాలేకపోతే పరువు పోతుంది. ఈ లెక్కలేవీ చిన్నత్తకు పట్టలేదు. ఆమె ఆ రోజు నుంచే చీర కట్టుకున్నట్టు నడవడం మొదలుపెట్టింది. నీళ్ల బిందె మోసుకొస్తున్నా సరే, కుచ్చిళ్లు తడుస్తాయేమో అన్నట్టు అడుగు వేసేది. ఆ నడక చూసే నాకు ఆ చీర మీద ఆశ పుట్టింది.

పగలంతా నాయన సాహుకారి చీర నేయాలి. అది ఆగితే పొయ్యి ఆగుతుంది. చిన్నత్త చీరకు మిగిలింది సాయంత్రాలూ, ఊరికే ఉన్న తాత మగ్గమూ. ఆముదం దీపం ముందర తాత కాలంలో నేసేవాళ్లట గానీ, నాయనకు ఆ ఓపిక లేదు. కరెంటు వచ్చిందన్న ధైర్యంతోనే ఆయన అంత మాట అన్నాడు. అందుకని అంగడికి పోయి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద బల్బు తెచ్చాడు. దీపం సంగతిలో పిసినారితనం పనికిరాదని మాకు ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

ఇంటికంతటికీ ఒక్కటే బల్బు కాబట్టి దానికి గుడ్డ చుట్టిన పొడుగాటి తీగ పెట్టించాడు. వంట అయ్యేదాకా బల్బు వంటింటి మేకుకు వేలాడేది. అన్నాలు తినగానే దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని మగ్గం దగ్గరికి తెచ్చేవాళ్లు. వెలిగించగానే అమ్మ, చిన్నత్త చేతులు జోడించేవాళ్లు. తాత మాత్రం చూసీ చూడనట్టు ఉండేవాడు.

మొదటి సాయంత్రం నాయన బల్బును తాత మగ్గం మీద, సరిగ్గా తన మొహానికి ఎదురుగా కట్టుకున్నాడు. ఇంక చూడాలి! జరీ మీద పడ్డ వెలుగు తిరిగి ఆయన కళ్లలోనే గుచ్చుకునేది. కళ్ల నుంచి బొటబొటా నీళ్లు. తుడుచుకుంటూ నేస్తాడు, మళ్లీ తుడుచుకుంటాడు. చెల్లెలు అత్తగారింటికి పోతోందని ఇప్పటి నుంచే ఏడుస్తున్నాడని చిన్నత్త ఆట పట్టించింది. తాత ఇంక పట్టలేక, "వెలుతురు చేతికి గావాలప్పా, కంటికి కాదు. ఎడం బుజం ఎనకకు కట్టుకో" అన్నాడు. ఆముదం దీపం కూడా ఆయన అక్కడే పెట్టుకునేవాడట. నాయన గొణుక్కుంటూనే మార్చాడు. కళ్ల నీళ్లు ఆగాయి.

కానీ పోగుల మీద ఆయన చేతుల నీడ నల్లగా, కత్తితో కోసినట్టు పడేది. అప్పుడు అమ్మ, సాహుకారి ఇంట్లో పాల మాదిరి తెల్లగా ఉన్న గాజు బల్బు ఒకటి చూశానని, దాని కింద నీడలు మెత్తగా పడుతున్నాయని చెప్పింది. పెద్దదాన్ని ఇచ్చి చిన్నదాన్ని తెచ్చుకుంటే అంగడివాడు నవ్వుతాడన్నాడు నాయన. నవ్వితే నవ్వనీ, నేసేది వాడు కాదుగా అంది అమ్మ. పాలగాజు బల్బు వచ్చింది. పెద్దదాని కంటే వెలుగు తక్కువే, అయినా పోగు పోగూ విడిగా కనిపించింది. ఆ రోజు గిన్నెలు తోముతున్నంతసేపూ అమ్మ మొహం వెలిగిపోతూనే ఉంది.

ఇక రంగు. చిన్నత్త ఎప్పటి నుంచో నేరేడు పండు రంగు అని కలవరించేది. నాయన పట్టు ఒక్కసారిగా కొనలేక రెండు విడతలుగా కొన్నాడు. పడుగుకూ, అడ్డపోగుల పేకలో కొంతకూ మొదటి విడత సరిపోయింది. రెండో విడత రంగు వేసే వేళకు, రంగు వేసే ఆయన బావి ఎండిపోయింది. మా సీమలో బావి ఎండిపోవడం వార్త కాదు, అది నిండితేనే వార్త. ఆయన వేరే బావి నుంచి ఉప్పునీళ్లు తెప్పించి ఆ నీళ్లతోనే పట్టు ఉడికించి రంగు వేశాడు. తూకం అదే, రంగు పొడి అదే, చెయ్యి అదే. నీళ్లే వేరు.

అమ్మ పగటిపూట వీధి గడపలో కూర్చుని కండెలు చుట్టేది. రెండో విడత చుట్టడం మొదలుపెట్టిన కాసేపటికే చెయ్యి ఆపి, పాత కండె ఒకటి తీసుకుని పక్కన పెట్టి చూసింది. మొదటిది కాస్త నీలానికి తిరిగిన నేరేడు. ఇది ఎరుపుకు తిరిగింది. గింజంత తేడా, అంతే. అయినా రెండింటినీ వేరు వేరు కుండల్లో వేసి, ఆ సాయంత్రం నాయనకు చెప్పింది. నాయన రెండు కండెలూ బల్బు కింద పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అమ్మకూ చూపించాడు. ఏ తేడా లేదు! నేనూ చూశాను, రెండూ అచ్చం ఒకటే. "ఇంత వెలుతురు పెట్టుకోని కూడా ఎండే నిజమంటావా? గడపలో నీ కంటికి ఎండ కొట్టింటాది" అని నవ్వి, రెండు కుండలూ ఒకే బుట్టలో గుమ్మరించాడు.

అమ్మ ఊరుకుంది. మా అమ్మ ఊరుకుంది అంటే ఒప్పుకుంది అని కాదు. అది మా నాయనకు ఎన్నేళ్లు కాపురం చేసినా తెలియలేదు, నాకు అప్పటికే తెలుసు.

ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాయన కండె పెట్టిన నాడెను అటూ ఇటూ విసురుతుంటే చిన్నత్త గుంత పక్కనే కూర్చుని బట్ట ఎంత పెరిగిందో జానతో కొలిచేది. తాత తన మగ్గం మళ్లీ మోగుతోందని, కిందికి దిగలేకపోయినా, గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. నేసిన బట్ట నేసినట్టు మగ్గం ముందున్న గుండ్రటి కర్రకు చుట్టుకుపోయేది. పొద్దున్నే దుమ్ము పడకుండా పాత పంచె కప్పేవాళ్లు. ఆ మూల పగలు కూడా మసక చీకటే. అలా, సాయంత్రం పుట్టిన చీర సాయంత్రమే పెరిగింది గానీ ఒక్క రోజూ ఎండ మొహం చూడలేదు.

కండెలు కలిసిన మర్నాడే వాన వచ్చింది. మా వైపు వాన అంటే వీధి వీధంతా బయటికి వచ్చి తడుస్తుంది. ఆ సాయంత్రం ఉసిళ్లు గుంపులుగా వచ్చి బల్బును ముసిరాయి. పట్టు మీద రెక్కలు రాలుతున్నాయని నాయన బల్బు ఆర్పి, మగ్గం కప్పేసి, వాకిట్లో కూర్చుని పాట అందుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు మబ్బు విడవలేదు. అందరూ ఆకాశం వైపు చూసి దండం పెడుతుంటే, మా అమ్మ ఒక్కతే ఎండ కోసం ఎదురు చూసింది. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఎండ వచ్చిన రోజు పొద్దున, నాయన తన మగ్గం మీద సాహుకారి చీర నేస్తున్నాడు. చిన్నత్త బియ్యం ఏరుతోంది. అమ్మ తాత మగ్గం మీద పంచె తీసి మడత పెట్టి, చుట్టిన బట్టను కొంచెం వదులు చేసి పరిచింది. తర్వాత చిన్నత్త బొట్టు పెట్టుకునే చిన్న అద్దం గూట్లోంచి తీసి నన్ను పిలిచింది. "రాయే, ఎండను మగ్గం మింద కూర్చోబెడదాం" అంది. ఏదో ఆట అనుకుని పరుగెత్తాను. వాకిట్లో నిలబడి అద్దం అటూ ఇటూ వంచింది. ఎండముక్క ఒకటి ఇంట్లోకి దూకింది. గోడ మీద పాకింది, దూలం ఎక్కింది, నాయన వీపు మీదుగా జారి లోపలి మూలకు పోయింది. నేను చప్పట్లు కొట్టాను. ఇదేం పిల్లచేష్ట అని నాయన వెనక్కి తిరిగి, ఎండముక్క ఎక్కడ ఆగిందో చూశాడు.

చీర మీద ఆగింది. నేరేడు రంగు చీర చారలు చారలుగా ఉంది. జానెడు నీలపు నేరేడు, బెత్తెడు ఎర్ర నేరేడు, మళ్లీ నీలం. దారిలో ఎడ్లబండి చక్రాలు తొక్కి పోయినట్టు, అడ్డంగా పట్టీలు.

నాయన చేతిలో నాడె ఆగిపోయింది. చిన్నత్త చేట కింద పెట్టి లేచి వచ్చి చూసింది. ఆమె మొహం నేను మరిచిపోలేను. అయినా ఏడవలేదు పిచ్చిది. "పోనీలే అన్నా, బాగనే ఉండాది. దీపం కింద కట్టుకుంటే తెలీదు" అంది. ఏడ్చి ఉంటేనే బాగుండేది. ఆ మాటకు నాయన తల గుంతలోకి వంగిపోయింది.

కాసేపటికి కోపం వచ్చింది ఆయనకు. తప్పు తనదే అయితే ముందు కోపమే వస్తుంది మగవాళ్లకు. "తెలిసి కూడా ఇన్ని దినాలు సూస్తా కూర్చుంటివా?" అన్నాడు అమ్మతో. అమ్మ అద్దం దించలేదు. "తెలిసి కాదు, అనుమానంతో. బల్బు కింద నాకూ ఒకటే అనిపించె. నా అనుమానానికి మగ్గం ఆపమంటే నువ్వు ఆపుతావా? అందుకే మబ్బు ఇడిసినంక ఎండనే అడిగినా" అంది. గొంతు పెంచలేదు. వదిన ముందే చెప్పినా అన్న వినలేదు అన్న మాట చిన్నత్త ముందు రాకుండా, తప్పును తప్పు చేసినవాడి కళ్లకే చూపించింది. ఆ పని చెయ్యడానికి అద్దం ఒక్కటి చాలదమ్మా, మనసు కూడా ఉండాలి.

ఇంక ముహూర్తం దగ్గర పడింది. ఎర్ర నేరేడు పట్టు పక్కన పెడితే చీర సగంలో ఆగిపోతుంది. మళ్లీ కొనే శక్తి లేదు. నాయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. అప్పుడు అమ్మ గుంత దగ్గరికి వచ్చి కూర్చుంది. రెండు రంగులూ పక్కపక్కన పెట్టబట్టే కదా తేడా కనిపించింది, మొదటి నుంచి చివరి దాకా ఒక పోగు ఇది, ఒక పోగు అది వేసి నేస్తే చారలు ఎక్కడ ఉంటాయి అంది. నాయన తల ఎత్తాడు. తాత గోడకు ఆనుకున్నవాడు నిటారుగా కూర్చున్నాడు. రెండు నాడెలు పెట్టుకుంటే అవుతుంది, సరే, కానీ బల్బు కింద ఏది ఏదో ఎలా తెలుస్తుంది అన్నాడు నాయన. "బల్బును అడగొద్దు. రంగు పగలే ఏరి పెడతా. ఎర్రదాని నాడెకు తెల్ల నూలుపోగు కట్టి ఇస్తా. సాయంత్రం నువ్వు ఆ పోగు సూసుకోని నెయ్యి, చాలు" అంది అమ్మ.

బుట్టలో కలిసిపోయిన కండెలన్నీ గడపలో పోసుకుని, ఎండలో ఒక్కొక్కటే ఎత్తి చూసి, మళ్లీ రెండు కుండలకు వేరు చేసింది. నేసింది విప్పాలి కదా, నాయనకు పగలు తీరిక లేదు. తాత పంచె ఎగ్గట్టాడు. వద్దంటే వినలేదు. చిన్నత్త భుజం పట్టుకుని, మూలుగుతూ, తన గుంతలోకి దిగాడు. ఒక్కో పోగూ ఆయన విప్పుతుంటే అమ్మ పక్కన కూర్చుని దాన్ని తిరిగి చుట్టింది. పట్టు తెగకుండా విప్పడం నేయడం కంటే కష్టం. మోకాళ్ల నొప్పి గురించి ఆ రోజు తాత ఒక్క మాట అనలేదు. బయటికి వచ్చాక మాత్రం వారం పాటు అన్నాడు.

తర్వాత ప్రతి సాయంత్రం పాలగాజు బల్బు కింద రెండు నాడెలు ఆడేవి. ప్రతి పొద్దునా అమ్మ అద్దం పట్టేది, నాయన తన మగ్గం దిగి వచ్చి, ఆ ఎండముక్కలో వంగి, చూసి, తల ఊపి పోయేవాడు. అమ్మను అడగకుండా ఒక్క కండె కూడా నాడెలో పెట్టలేదు. వీధిలో ఈ సంగతి ఎలా పాకిందో గానీ, కరెంటు పెట్టుకున్న ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసిపోయారు. కొన్నాళ్లకు మా వీధిలో పొద్దున పూట ఏ వాకిట్లో చూసినా అద్దం మెరిసేది.

పెళ్లి కళ్యాణదుర్గంలోనే, వాళ్ల ఇంటి ముందు పందిట్లో. చిన్నత్త ఆ చీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. అప్పటిదాకా ఉత్తుత్తినే నడిచిన నడక ఆ రోజు నిజంగా నడిచింది. తలంబ్రాలు అయ్యాక పెళ్లికొడుకు పెదనాన్న, అంగడికి పెద్ద, ఆమెను దగ్గరికి పిలిచాడు. కొంగు వేళ్ల మధ్య నలిపాడు. అంతటితో ఆగితే ఆయన బట్టలవాడే కాదు. కొంగు పట్టుకునే పందిరి అంచు దాకా వచ్చి ఎండలో పరిచి చూశాడు. తాత చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

ఎండలో ఆ నేరేడు ఒక్కచోట నిలవలేదు. ఇటు వంచితే నీలం, అటు వంచితే ఎరుపు, చారలన్న మాటే లేదు. చెట్టు మీద పండు గాలికి ఊగినప్పుడు మారేటట్టు మారింది. ఆయన చాలాసేపు చూశాడు. "ఏమప్పా, ఈ రంగు మా అంగట్ల ఇన్నేండ్లలో రాలేదే. నువ్వు యాడ పట్టినావు?" అని నాయనను అడిగాడు.

నాయన ఏదో ఒకటి చెప్పి మెప్పు తన భుజాన వేసుకోవచ్చు. నేసింది ఆయనే, అడిగింది ఆయన్నే. కానీ ఆయన పందిట్లో వెతికి, వెనక ఆడవాళ్ల మధ్య నిలబడ్డ అమ్మను చూపించి, పేరు పెట్టి చెప్పాడు. "నేత నాది. రంగు ఆమెది. నేను చెడగొడితే ఆమె నిలబెట్టింది" అన్నాడు. భార్య పేరు పదిమందిలో పలకడం మా ఇళ్లలో లేదు. మా నాయన నోట మా అమ్మ పేరు నేను వినడం అదే మొదటిసారి. అంతమంది ఒక్కసారిగా తిరిగి చూసేసరికి అమ్మ తల వంచుకుంది. నేను వంచుకోలేదు. ఆమె మా అమ్మ అని అందరికీ తెలియాలని ఆమె కొంగు ఇంకా గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు మా ఇంట్లో గదికి రెండు బల్బులు. కొనేటప్పుడు మా వాళ్లు ఎంత వెలుగు అని అడుగుతారు, నేను దాని కింద ఏం పని చేస్తారు అని అడుగుతాను. చదివే చోట ఎడమ భుజం వెనక నుంచి, వంటింట్లో చేతుల మీద, పడుకునే చోట కళ్లకు తగలకుండా పెట్టిస్తాను. బట్ట ఏదైనా సరే గడప దాటించి ఎండలో చూడనిదే కొననివ్వను. దీపాలు పెట్టాక ఇంట్లో తగువు వస్తే తీర్పు చెప్పను, పొద్దున చూద్దాం అంటాను. మా కోడలు దీనికి అత్తమ్మ వాయిదా అని పేరు పెట్టింది. పెట్టనీ.

అద్దం అమ్మ నేర్పిన విద్య. దాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాయన దగ్గర నేర్చుకున్నది మాత్రం అంతకంటే కష్టం. ఎవరి చేతి పని వల్ల నా పని నిలబడిందో, వాళ్ల పేరు పదిమందిలో గట్టిగా చెప్పడం. మా కోడలు వండిన కూర బాగుంటే వచ్చినవాళ్ల ముందు ఆమె పేరు పెట్టే చెబుతాను. ఆమె తల వంచుకుంటుంది. పక్కనే నిలబడ్డ నా మనవరాలు మాత్రం వంచుకోదు.